సెలవు మీది, తేదీ ఎవరిది? కోరుకున్న రోజుల్లో లీవ్ దొరకడానికి సమగ్ర మార్గదర్శి

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది మా అక్క పెళ్లి కుదిరింది. మూడు నెలల ముందే మేనేజర్ దగ్గరికి వెళ్లి ఫలానా వారం సెలవు కావాలని చెప్పాను. ‘‘చూద్దాంలే, ఇంకా టైం ఉంది కదా’’ అన్నారు. ఆ మాటని ఒప్పుకున్నట్టే లెక్క వేసుకుని టికెట్లు కొన్నాను. పెళ్లి పది రోజులుందనగా సిస్టమ్‌లో లీవ్ అప్లై చేస్తే రిజెక్ట్ అయింది. ఆ వారానికి మా టీమ్‌లో ఇద్దరికి అప్పటికే సెలవు మంజూరు చేశారట. చివరికి పెళ్లికి ముందురోజు రాత్రి బయల్దేరి, మర్నాడు సాయంత్రమే తిరిగొచ్చాను. అప్పటికి నా ఖాతాలో 14 రోజుల సెలవు ఉంది.

ఆ 14 రోజులూ నావే. కానీ వాటిని ఎప్పుడు వాడుకోవాలన్నది నా ఒక్కడి చేతిలో లేదు. ఈ సంగతి ముందే తెలిసుంటే నేను అడిగే పద్ధతి వేరుగా ఉండేది. ఆ తర్వాత ఇన్నేళ్లలో నేర్చుకున్నదీ, వేర్వేరు దేశాల చట్టాల్లో చదివి తెలుసుకున్నదీ ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదటి అడుగు: హక్కునీ తేదీనీ విడదీసి చూడండి

సెలవు గురించి గొడవ వచ్చినప్పుడు రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతాయి. ఏడాదికి ఎన్ని రోజుల సెలవు రావాలి అన్నది ఒకటి. ఆ రోజుల్ని ఎప్పుడు వాడుకోవాలి అన్నది రెండోది. మొదటి దాన్ని చట్టమో ఒప్పందమో తేలుస్తుంది, దాన్ని తగ్గించే అధికారం మేనేజర్‌కి ఉండదు. రెండో దాంట్లో మాత్రం చాలా దేశాల్లో యజమానిదే పైచేయి.

అంతర్జాతీయ కార్మిక సంస్థ 1970లో చేసిన 132వ ఒప్పందం ఈ తేడాని స్పష్టంగా చూపిస్తుంది. ఏడాది సర్వీసుకు కనీసం మూడు వారాల వేతన సెలవు ఉండాలని అది చెబుతుంది. డబ్బు తీసుకునో మరోలానో ఆ కనీస సెలవుని వదులుకుంటానని ఉద్యోగి సంతకం పెట్టినా ఆ సంతకం చెల్లదంటుంది. తేదీ దగ్గరికి వచ్చేసరికి, నిబంధనల్లోనో ఉమ్మడి ఒప్పందంలోనో (యూనియన్‌తో యజమాని చేసుకున్నది) ముందే ఖరారు కాకపోతే, ఉద్యోగితో సంప్రదించి యజమాని నిర్ణయించాలంటుంది. అలా నిర్ణయించేటప్పుడు పని అవసరాలతో పాటు ఉద్యోగికి విశ్రాంతి దొరికే అవకాశాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలంటుంది.

కాబట్టి ‘‘ఆ వారం కుదరదు’’ అని యజమాని అనొచ్చు. ‘‘అసలు కుదరదు’’ అని అనకూడదు. ఈ గైడ్‌లో చెప్పేదంతా ఈ రెండు మాటల మధ్య ఉన్న తేడా మీదే నడుస్తుంది. మీ మేనేజర్ వీటిలో ఏది అంటున్నారో మొదట తేల్చుకోండి. నెలల తరబడి ‘‘ఇప్పుడు కాదు, తర్వాత చూద్దాం’’ అంటూ వస్తే, పైకి అది వాయిదాలా కనిపించినా నిజానికి తిరస్కారమే.

రెండో అడుగు: మీకు ఏ నిబంధన వర్తిస్తుందో వెతకండి

ఈ క్రమంలో చూడండి. ముందు దేశం లేదా రాష్ట్రం చట్టం. తర్వాత యూనియన్ ఒప్పందం ఉంటే అది. ఆ తర్వాత మీ అపాయింట్‌మెంట్ లెటర్, చివరగా కంపెనీ లీవ్ పాలసీ. పాలసీ చట్టం కంటే ఎక్కువ ఇవ్వొచ్చు కానీ తక్కువ ఇవ్వకూడదు. చాలామంది పాలసీ ఒక్కటే చదివి, అందులో ఉన్నదే చట్టమనుకుంటారు.

దేశానికీ దేశానికీ తేడా చాలా ఉంటుంది.

అమెరికాలో 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ చట్టం వేతన సెలవు ఇచ్చి తీరాలని ఎక్కడా చెప్పదు. ప్రైవేటు ఉద్యోగికి సెలవు అనేది ఎక్కువగా కంపెనీ మాటే, తేదీ మీద అధికారమూ దాదాపు పూర్తిగా దానిదే. అయితే రాష్ట్రాల చట్టాలు వేరుగా ఉండొచ్చు. కాలిఫోర్నియాలో ఒకసారి సంపాదించుకున్న వెకేషన్‌ని జీతంతో సమానంగా చూస్తారు. ఏడాది చివర వాడలేదని దాన్ని తుడిచేయడం అక్కడ కుదరదు. ఇన్ని రోజులు దాటితే కొత్తగా జమ కాదని పరిమితి మాత్రం పెట్టుకోవచ్చు.

బ్రిటన్‌లో 1998 వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్ ప్రకారం ఏడాదికి 5.6 వారాలు, అంటే వారానికి ఐదు రోజులు పనిచేసేవారికి 28 రోజులు. ఒప్పందంలో వేరే ఏర్పాటు లేకపోతే లెక్క ఇలా ఉంటుంది: మీరు తీసుకోబోయే రోజులకు రెట్టింపు ముందుగా చెప్పాలి. కాదనాలంటే యజమాని ఆ సెలవు ఎన్ని రోజులో కనీసం అన్ని రోజుల ముందు చెప్పాలి. ఐదు రోజుల సెలవుకి మీరు పది రోజుల ముందు అడగాలి, వాళ్లు ఐదు రోజుల ముందే కాదనాలి.

జర్మనీలో ఉద్యోగి కోరికే ముందుకొస్తుంది. పనికి సంబంధించిన అత్యవసర కారణం ఉంటేనో, కుటుంబ పరిస్థితుల దృష్ట్యా మరో ఉద్యోగికి ప్రాధాన్యం ఇవ్వాల్సి వస్తేనో తప్ప యజమాని ఆ తేదీని పక్కన పెట్టకూడదు. జపాన్‌లో కూడా తేదీ చెప్పే హక్కు ఉద్యోగిదే. ఆ రోజు సెలవిస్తే పని సజావుగా సాగదనుకున్నప్పుడు యజమాని మరో రోజుకి మార్చగలడు, అంతవరకే. ఆస్ట్రేలియాలో 2009 ఫెయిర్ వర్క్ చట్టం, సహేతుకమైన కారణం లేకుండా సెలవు నిరాకరించకూడదంటుంది. యూఏఈలో 2021 కార్మిక చట్టం ఏడాదికి 30 రోజులిచ్చి, తేదీలు ఖరారు చేసే అధికారం యజమానికిచ్చింది. కానీ కనీసం నెల ముందు చెప్పాలి, రెండేళ్లకు మించి సెలవు ఆపకూడదు.

భారత్‌లో 1948 ఫ్యాక్టరీల చట్టం పెట్టిన పద్ధతే చాలాకాలం నడిచింది. 20 రోజుల పనికి ఒక రోజు సెలవు, అది కావాలంటే 15 రోజుల ముందు రాతపూర్వకంగా దరఖాస్తు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక కోడ్‌లలో వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ కూడా ఈ 20కి ఒకటి లెక్కనే ఉంచింది. అర్హతకు కావాల్సిన పనిదినాలను మాత్రం 240 నుంచి 180కి తగ్గించింది. దుకాణాలు, ఆఫీసుల్లో చాలావాటికి ఆయా రాష్ట్రాల షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాలున్నాయి. మీరు చట్టం దృష్టిలో ‘కార్మికుడు’ కిందికి వస్తారా, మేనేజర్ స్థాయిలో ఉన్నారా అన్న దాన్ని బట్టి కూడా రక్షణ మారుతుంది. కాబట్టి అది చూసుకోకుండా వాదనకు దిగకండి.

చట్టం, పాలసీ చదివేటప్పుడు ఐదు విషయాలు ఒక కాగితం మీద రాసుకోండి: ఎన్ని రోజుల ముందు అడగాలి, ఎవరు మంజూరు చేయాలి, ఏ కారణాలతో కాదనొచ్చు, మిగిలిన రోజులు వచ్చే ఏడాదికి ఎన్ని వెళ్తాయి, ఏ నెలల్లో ఎవరికీ సెలవు ఇవ్వరు. ఈ చివరిదాన్ని కొన్ని కంపెనీలు బ్లాకౌట్ పీరియడ్ అంటాయి. పాలసీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది కానీ, ఎక్కువ తిరస్కరణలు వచ్చేది అక్కడి నుంచే.

మూడో అడుగు: ఏ రకం సెలవో సరిచూసుకోండి

ఈ గైడ్ అంతా వార్షిక సెలవు గురించి, అంటే ఎర్న్‌డ్ లీవ్ గురించి. ఒంట్లో బాగోలేనప్పుడు పెట్టే సిక్ లీవ్‌కీ, ప్రసూతి సెలవుకీ వేరే చట్టాలున్నాయి. వాటి తేదీని యజమాని తన పని వీలునిబట్టి జరపలేరు. నిజంగా జబ్బు చేసినప్పుడు వార్షిక సెలవులోంచి తీసేసుకోమంటే ఊరికే ఒప్పేసుకోకండి. అలాగే కోరుకున్న తేదీ దొరకలేదని సిక్ లీవ్ పెట్టకండి. బయటపడితే క్రమశిక్షణ చర్య వరకూ పోతుంది, ఆపైన మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు.

నాలుగో అడుగు: అడిగే ముందు తేదీని సిద్ధం చేయండి

మీ సెలవులో కదలని రోజులు ఏవి, కదిలించగలిగేవి ఏవి అని ముందు విడదీయండి. పెళ్లి, పరీక్ష, ఆపరేషన్ కదలవు. ఊరికే విశ్రాంతి కోసం వెళ్లే ప్రయాణం వారం అటూ ఇటూ అవుతుంది. అన్నింటినీ ఒకే పట్టుదలతో అడిగితే నిజంగా కదలని రోజుకి విలువ తగ్గుతుంది.

తర్వాత టీమ్ పని క్యాలెండర్ చూడండి. ఆ వారం ఆడిట్ ఉందా, ఏదైనా డెలివరీ ఉందా, మీ పని తెలిసిన ఇంకొకరు అప్పటికే సెలవు పెట్టారా? ఆ ఇంకొకరితో ముందే మాట్లాడుకోవడం చాలా మేలు చేస్తుంది. ‘‘నేను లేనప్పుడు నా పని తను చూస్తారు, తను లేనప్పుడు నేను చూస్తాను’’ అని ఇద్దరూ కలిసి వెళ్తే మేనేజర్‌కి సగం టెన్షన్ అక్కడే తీరిపోతుంది. తిరస్కరణల్లో పెద్ద భాగం ద్వేషంతో వచ్చేవి కావు. ఆ వారం పని ఎవరు చేస్తారో తెలియక వచ్చేవే.

ఒకే తేదీకి ఇద్దరు ముగ్గురు పోటీ పడినప్పుడు ఏ పద్ధతిలో తేలుస్తారో ఏడాది మొదట్లోనే అడగండి. ముందు అడిగినవారికా, సీనియారిటీనా, పోయినేడాది దొరకనివారికా? ఏ పద్ధతైనా ఫర్వాలేదు కానీ అది అందరికీ ముందే తెలిసి ఉండాలి. నా అభిప్రాయం అడిగితే, పండగలకూ పిల్లల సెలవులకూ వంతుల పద్ధతే న్యాయంగా ఉంటుంది. ముందు అడిగినవారికే అంటే, ఎప్పుడూ చొరవగా ఉండే ఒకరిద్దరికే మంచి తేదీలు పోతాయి.

ఐదో అడుగు: రాతలో అడగండి

నోటిమాట మర్యాద కోసం, రాత రుజువు కోసం. రెండూ చేయండి. మేనేజర్‌తో మాట్లాడి, అదే రోజు మెయిల్ పంపండి లేదా సిస్టమ్‌లో అప్లై చేయండి. మెయిల్‌లో తేదీలు, మొత్తం పనిదినాలు, పని ఎవరు చూస్తారు, జవాబు ఎప్పటికి కావాలి అన్న నాలుగూ ఉండాలి. ఇలా రాయొచ్చు:

‘‘నమస్కారం. ఈరోజు మాట్లాడుకున్నట్టు, వచ్చే నెల 10 నుంచి 17 వరకు ఆరు పనిదినాలు వార్షిక సెలవు కోరుతున్నాను. మా ఇంట్లో పెళ్లి ఉన్నందున 12, 13 తేదీలు మార్చడానికి వీలుపడదు. మిగిలిన రోజుల విషయంలో సర్దుబాటుకు సిద్ధం. నా పనులు చూసుకోవడానికి నా సహోద్యోగి ఒప్పుకున్నారు, వివరాలు జతచేశాను. టికెట్లు కొనాల్సి ఉన్నందున ఈ శుక్రవారంలోగా మీ నిర్ణయం తెలియజేయగలరు.’’

సెలవు కారణం చెప్పాలా? వార్షిక సెలవుకి చాలాచోట్ల చెప్పక్కర్లేదు. కానీ కదలని కారణం ఉంటే చెప్పడమే మంచిది, ఎందుకంటే తేదీ విషయంలో ఎవరి అవసరం ఎక్కువో తూచేటప్పుడు అది లెక్కలోకి వస్తుంది. మీకు చెప్పడం ఇష్టం లేని సంగతైతే ‘‘కుటుంబ అవసరం’’ అంటే చాలు.

జవాబు రాకపోతే మౌనాన్ని అంగీకారం అనుకోకండి. గడువు దాటిన మర్నాడే గుర్తు చేయండి. మంజూరైనట్టు రాతలో వచ్చేదాకా వెనక్కి డబ్బు రాని టికెట్ కొనకండి.

ఆరో అడుగు: కాదన్నప్పుడు

ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు. ‘రిజెక్టెడ్’ అని ఎర్ర అక్షరాల్లో కనబడగానే మనసు చివుక్కుమంటుంది. ఆ కోపంలో ఘాటుగా జవాబు రాయకండి, అలాగని ఊరుకోకండి కూడా. ఒక పూట గడిచాక ఈ మూడు ప్రశ్నలు రాతలో పంపండి: కారణం ఏమిటి? ఏ తేదీల్లో ఇవ్వగలరు? ఈ రోజులు ఈ ఏడాదిలో వాడుకోలేకపోతే వచ్చే ఏడాదికి జమవుతాయా?

మొదటి ప్రశ్నకు వచ్చిన జవాబుని జాగ్రత్తగా చదవండి. ‘‘ఆ వారం ఆడిట్ ఉంది, ఇద్దరు ఇప్పటికే సెలవులో ఉన్నారు’’ అనేది తేదీకి సంబంధించిన కారణం. దాంతో మాట్లాడుకోవచ్చు, ఆడిట్ అయిన వెంటనే వచ్చే వారం అడగొచ్చు. ‘‘నువ్వు ఈ మధ్యే సెలవు పెట్టావు కదా’’, ‘‘మన దగ్గర ఎవరూ అన్ని రోజులు పెట్టరు’’ అనేవి తేదీకి సంబంధించినవి కావు. అవి మీ హక్కు మీద పడుతున్న మాటలు. వాటికి మర్యాదగానే, ‘‘నా ఖాతాలో ఇన్ని రోజులున్నాయి, పాలసీలో ఫలానా చోట ఇలా ఉంది’’ అని జవాబివ్వండి. ‘‘మీ పని ఇంకెవరూ చేయలేరు’’ అనే మాట పొగడ్తలా ఉంటుంది కానీ ఏడాది పొడవునా అదే కారణమైతే అది మనుషుల్ని సరిపడా పెట్టుకోని సంస్థ సమస్య. దాన్ని మీ సెలవుతో తీర్చడం న్యాయం కాదు.

రెండో ప్రశ్న అన్నిటికంటే ముఖ్యం. మరో తేదీ ఇచ్చారంటే అది వాయిదా. ఏ తేదీ ఇవ్వకపోతే అది నిరాకరణ అని వాళ్ల రాతే చెబుతుంది.

మూడో ప్రశ్నకి ఎంత బలం ఉందో భారత్ చట్టంలో కనబడుతుంది. అక్కడ మామూలుగా 30 రోజుల వరకే వచ్చే ఏడాదికి జమవుతాయి. కానీ ఉద్యోగి నిబంధన ప్రకారం అడిగి, యజమాని కాదన్న సెలవుకి ఈ పరిమితి లేదు. ఫ్యాక్టరీల చట్టంలోనూ ఇదే ఉంది, కొత్త కోడ్‌లోనూ కొనసాగింది. అంటే అడిగి పోగొట్టుకున్న రోజు నిలుస్తుంది, అడగకుండా ఊరుకున్న రోజు మాత్రం పరిమితి దాటాక జమ కాదు. ‘‘ఎలాగూ ఇవ్వరు, అప్లై చేయడం దండగ’’ అనుకునేవారు ఈ రుజువునే చేజార్చుకుంటున్నారు. ఇవ్వరని తెలిసినా అప్లై చేయండి. తిరస్కరణ స్క్రీన్‌షాట్‌ని మీ సొంత ఫోన్‌లో దాచుకోండి, ఆఫీసు రహస్యాలేవీ అందులో లేకుండా చూసుకుని.

ఏడో అడుగు: మంజూరయ్యాక రద్దు చేస్తే

ఇది కాదనడం కంటే బాధాకరం, ఎందుకంటే అప్పటికి డబ్బు ఖర్చయి ఉంటుంది, ఇంట్లో అందరూ ఆశ పెట్టుకుని ఉంటారు. కొన్ని దేశాల్లో దీనికి గట్టి అడ్డుకట్ట ఉంది. ఫ్రాన్స్‌లో ఉమ్మడి ఒప్పందం వేరే గడువు పెట్టకపోతే, అసాధారణ పరిస్థితి ఉంటే తప్ప, సెలవు మొదలవడానికి నెల లోపల యజమాని తేదీ మార్చకూడదు. జర్మనీలో, సెలవు మధ్యలో వెనక్కి పిలవొచ్చని ముందుగా రాయించుకున్న ఒప్పందం చెల్లదని ఫెడరల్ లేబర్ కోర్టు 2000లో తేల్చింది. బ్రిటన్‌లో మాత్రం తగినంత ముందు చెప్పి రద్దు చేయొచ్చు.

మీకు ఇలా జరిగితే, రద్దు మాటని రాతలో తీసుకోండి. అప్పటికే పెట్టిన ఖర్చుల రసీదులు జతచేసి, వాటిని సంస్థ భరిస్తుందా అని అడగండి. ఒప్పుకున్నాక డబ్బు అడగడం కంటే ఒప్పుకునే ముందు అడగడమే పని చేస్తుంది. అలాగే కొత్త తేదీలు అదే మెయిల్‌లో ఖరారు చేయించుకోండి. ఒప్పుకోకుండా సెలవు మీద వెళ్లిపోతే అనుమతి లేని గైర్హాజరు అవుతుంది, ఉద్యోగానికే ముప్పు రావొచ్చు. కోపం ఎంత న్యాయమైనదైనా ఆ దారి వద్దు.

ఎనిమిదో అడుగు: సెలవు పెట్టమని వాళ్లే చెబితే

యజమాని అధికారం రెండు వైపులా పదునైనది. సీజన్ తగ్గినప్పుడో, ఏడాది చివర సంస్థ మూసేటప్పుడో మీ లీవ్ ఖాతాలోంచే రోజులు తీసుకోమంటారు. చాలాచోట్ల ఇది చట్టబద్ధమే, ముందుగా చెప్పడమే షరతు. బ్రిటన్‌లో ఎన్ని రోజుల సెలవో దానికి రెట్టింపు ముందు, న్యూజిలాండ్‌లో తేదీలు కుదరనప్పుడు కనీసం 14 రోజుల ముందు చెప్పాలి. జపాన్‌లో 2019 ఏప్రిల్ నుంచి, ఏడాదికి పది రోజులు లేదా అంతకు మించి సెలవున్న ఉద్యోగి కనీసం ఐదు రోజులు వాడుకునేలా చూడటం యజమాని బాధ్యత. సెలవు పెట్టడమే మొహమాటంగా భావించే చోట అలాంటి నియమం అవసరమైంది.

మీరు అడగాల్సింది ఒక్కటే: మూసేసిన రోజులు ఎన్ని, అవి పోగా నా సొంతానికి ఎన్ని మిగులుతాయి? ఏడాది మొదట్లోనే ఆ రోజుల్ని తీసేసి లెక్క వేసుకోండి. పని లేక ఇంటికి పంపుతూ, దాన్ని వార్షిక సెలవుగా రాయడం వేరే సంగతి. కొన్నిచోట్ల దానికి లే ఆఫ్ (పని లేక తాత్కాలికంగా ఆపడం) నిబంధనలు వర్తిస్తాయి, యూనియన్‌నో కార్మిక శాఖనో అడిగి తెలుసుకోండి.

తొమ్మిదో అడుగు: ఏడాది చివరికి ముందే మేలుకోండి

సెలవు సంవత్సరం ముగియడానికి నాలుగు నెలల ముందు బ్యాలెన్స్ చూసుకోండి. మీ సెలవు సంవత్సరం జనవరితో మొదలవుతుందో ఏప్రిల్‌తోనో కూడా చూడండి. చివరి నెలలో అందరూ ఒకేసారి అడుగుతారు, అప్పుడు తేదీ దొరకకపోతే నిజంగానే ఎవరి తప్పూ ఉండదు.

యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2018 నవంబరు 6న జర్మనీ నుంచి వచ్చిన కేసుల్లో ఒక ముఖ్యమైన మాట చెప్పింది. ఉద్యోగి అడగలేదన్న ఒక్క కారణంతో సెలవు దానంతటదే పోదు. వాడుకోమని, లేకపోతే పోతుందని యజమాని స్పష్టంగా ముందే చెప్పి ఉండాలి, అలా చెప్పినట్టు రుజువు చేయాల్సింది కూడా యజమానే. అక్కడ ఉన్నవారికి ఇది పెద్ద అండ. మిగతాచోట్ల ఉన్నవారు ఆ పని తమకు తామే చేసుకోవాలి: ‘‘నాకు ఇన్ని రోజులు మిగిలాయి, ఈ మూడు విడతల్లో ఏది వీలు?’’ అని మెయిల్ పెట్టడం. మూడు విడతలూ కాదంటే లాప్స్ చేయొద్దని, వచ్చే ఏడాదికి జమ చేయమని అదే మెయిల్ కింద అడగండి.

ఎన్‌క్యాష్‌మెంట్, అంటే వాడని సెలవుకి బదులు డబ్బు ఇచ్చే పద్ధతి, ఉన్నచోట ఆ డబ్బు తీసుకోవాలనిపిస్తుంది. అవసరంలో ఉంటే తీసుకోండి. కానీ ప్రతి ఏడూ సెలవంతా డబ్బుగా మార్చుకునేవారిని చూస్తే నాకు దిగులే. యూరోపియన్ యూనియన్‌లో ఉద్యోగం కొనసాగుతుండగా కనీసం నాలుగు వారాల సెలవుని డబ్బుగా మార్చడానికే వీల్లేదు. ఆ రోజుల్లో మనిషి విశ్రాంతి తీసుకోవాలన్నదే అక్కడి చట్టం ఉద్దేశం.

పదో అడుగు: మాటలతో తేలనప్పుడు

ముందు హెచ్‌ఆర్‌కి, మేనేజర్‌ని కాపీలో పెట్టి, తేదీల వరసతో రాయండి: ఎప్పుడు అడిగాను, ఏం చెప్పారు, ఎన్నిసార్లు వాయిదా పడింది. విశేషణాలు వద్దు, తేదీలే మాట్లాడతాయి. యూనియన్ ఉంటే వాళ్లతో వెళ్లండి. ఒకరికే ఇలా జరుగుతోందా, అందరికీనా అన్నది కూడా చూడండి. అందరికీ అయితే కలిసి అడగడంలో భయం తగ్గుతుంది. ఒక్కరికే అయితే, అదీ మతం, లింగం, గర్భం లాంటి కారణంతో అయితే అది సెలవు గొడవ కాదు, వివక్ష. దానికి వేరే చట్టాలున్నాయి. ఆ తర్వాత మిగిలేది కార్మిక శాఖ లేదా లేబర్ ట్రిబ్యునల్. ఫిర్యాదు గడువులు చిన్నవిగా ఉంటాయి. బ్రిటన్‌లో సెలవు నిరాకరణ మీద ఎంప్లాయ్‌మెంట్ ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి మామూలుగా మూడు నెలలే ఉంటూ వచ్చింది. అందుకే మెయిళ్లతో నెలలు గడపకండి.

ఉద్యోగం మానేస్తున్నట్టయితే మరో విషయం. వాడని రోజులకు డబ్బు వస్తుందో లేదో, నోటీస్ పీరియడ్‌లో సెలవు వాడుకోమనే అధికారం సంస్థకి ఉందో లేదో అపాయింట్‌మెంట్ లెటర్‌లో చూడండి. రాజీనామా మెయిల్ పంపక ముందే లీవ్ బ్యాలెన్స్ పేజీని, తిరస్కరణల్ని సేవ్ చేసుకోండి. చివరి రోజు సాయంత్రానికి లాగిన్ ఆగిపోతుంది, ఆ తర్వాత ఆ లెక్క మీకు కనబడదు.